ఎలీషాకి రాయి

ఎలీషాని పూడ్చిన మర్నాడు, సమాధి మీద మట్టి ఆరకముందే, వీధి మొదట్లో కరెంటు స్తంభానికి ఫ్లెక్సీ కట్టారు. మిలిటరీ కోటు, భుజాల మీద నక్షత్రాలు, ఛాతీ మీద రెండు వరసల పతకాలు, ఆ పైన ఎలీషా తలకాయ. తల ఆధార్ కార్డులోది. కోటు ఎవరిదో. "1971 యుద్ధ వీరునికి కన్నీటి వీడ్కోలు" అని కింద ఎర్రటి అక్షరాలు.

పాల ప్యాకెట్లు చేత్తో పట్టుకుని లీలారాణి అక్కడ ఆగింది. ముఖం చూడలేదు, చేతులు చూసింది. తుపాకీ పట్టుకున్న ఆ చేతులకి వేళ్ళన్నీ ఉన్నాయి. మామగారి ఎడమచేతి చూపుడువేలు మొదటి కణుపు దగ్గర ఆగిపోతుంది. లారీ బాడీలు కట్టే షెడ్డులో రంపం తీసుకుపోయిన ముక్క అది. ఇరవై నాలుగేళ్ళు ఆ చేతికి కంచం అందించిన మనిషికి, ఎవరిదో చెయ్యి చూసి దణ్ణం పెట్టుకోవడం చేతకాలేదు. ఇంటికి నడిచింది.

ఆమె భర్త జేమ్స్ వసారాలో కూర్చుని ఫోనులో అక్షరాలు ఒక్కొక్కటే పలుకుతున్నాడు. సాలూరులో లారీతో సంబంధం లేని ఇల్లు తక్కువ. తండ్రి లారీలకి బాడీలు కట్టాడు, కొడుకు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బుకింగ్ గుమాస్తా. ఫోనులో అవతల ఉన్నది రాళ్ళు చెక్కే మనిషి. పేరు కింద "యుద్ధ వీరుడు" అన్నది లోతుగా చెక్కాలని, వానకి చెరిగిపోకూడదని జేమ్స్ రెండుసార్లు చెప్పాడు.

అతను ఫోను పెట్టేదాకా లీలారాణి గుమ్మంలోనే నిలబడింది.

"ఏమండీ, మామయ్య ఏ యుద్ధంలో వీరుడు?"

"సైన్యంలో పదిహేడేళ్ళు సేసినాడు. సాలదేటి?"

"చేశారు. వడ్రంగం చేశారు. అక్కడా అదే, వచ్చాక ఇక్కడా అదే. ఆయన నోటితో ఏనాడూ అనని మాట ఆయన గుండెల మీద పెడతారా?"

జేమ్స్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. "రాయి సంగతిలో నువ్వు దూరకు లీలా. నాన్న ఇష్టపకారమే అవుతన్నాది."

పోయినవాళ్ళ గురించి కొడుకులందరూ అనే మాటే కదా అనుకుంది ఆమె. పాలు పొయ్యి మీద పెట్టింది.

వాళ్ళ పేట చర్చికి ఒకే ఒక్క శ్మశానం. మిషన్ కాలంలో ఇచ్చిన ఎకరం నేల. అందులో అందరికీ మట్టిదిబ్బే. ఎనిమిదేళ్ళు దాటాక అదే వరసని మళ్ళీ తవ్వుతారు. ఎముకలుంటే ఓ పక్కకి చేర్చి కొత్త పెట్టె దించుతారు. ఇటుకలు కట్టి పైన రాయి వేస్తే ఆ చోటు ఇంక ఎవరూ తవ్వరు. ఆ భాగ్యం పాస్టర్లకి, మిషన్ బడి పంతుళ్ళకి, యుద్ధరంగంలో పోరాడినవాళ్ళకి మాత్రమే ఉంది. పాత రూలు. ఎవరు రాశారో ఇప్పుడున్నవాళ్ళకి తెలియదు కానీ రూలు మాత్రం చర్చి గోడ మీద అద్దాల చట్రంలో వేలాడుతూ ఉంటుంది. లీలారాణి ఆ రూలు గురించి వినడమే కానీ చదవలేదు. సైన్యంలో చేసినవాళ్ళందరికీ రాయి ఉంటుందనే అనుకుంది. రాయి ఎలాగూ వస్తుంది, దాని మీద అబద్ధం దేనికన్నదే ఆమె బాధ.

ఎందుకంటే ఆ యుద్ధం సంగతి ఎలీషా ఆమెకి ఒక్కసారే చెప్పాడు. వానకి ఉబ్బి వంటింటి తలుపు పడకపోతే, ఊడదీసి అంచు చిత్రిక పడుతున్నాడు. ఆమె తలుపు కదలకుండా పట్టుకుంది. చెక్కపొట్టు చుట్టలు చుట్టలుగా ఆమె పాదాల మీద పడుతోంది. ఉన్నట్టుండి, అడక్కుండానే, ఆయన చెప్పాడు.

"బోర్డరు కాణ్ణించి లారీలొచ్చీవి. దెబ్బలు తగిలినోళ్ళని ఆస్పత్రికాడ దింపీసి మా వర్కుషాపుకి తోలీసీవోరు. రగతం పలకలోకి దిగిపోతే ఎంత కడిగినా పోదమ్మా. ఊడదీసి కొత్త పలక ఎయ్యాల. పద్నాలుగు దినాలు నాను సేసిన యుద్ధం అదే."

తీసేసిన పలకలు ఏం చేశారని ఆమె అడిగింది.

"సలికి కాలీసినాం," అని, తలుపు అంచు మీద బొటనవేలు నడిపి చూసి, మళ్ళీ చిత్రిక పట్టాడు.

ఆ తర్వాత ఏ పంద్రాగస్టుకి మాజీ సైనికుల సంఘం వాళ్ళు దండ తెచ్చినా ఆయన పెరటి దారిన షెడ్డుకి వెళ్ళిపోవడం ఆమె చూసింది.

బుధవారం పొద్దున్న అబ్రహాం మాస్టారు వచ్చాడు. రిటైరైన హెడ్మాస్టరు, చర్చి కమిటీకి కార్యదర్శి. ఇస్త్రీ మడత చెడకుండా కుర్చీ అంచున కూర్చునే మనిషి. జేమ్స్ ఆఫీసుకి సెలవు చీటీ ఇవ్వడానికి వెళ్ళాడు. శనివారం ఆదరణ కూడికలో చదవడానికి ఎలీషాగారి జీవిత సంగ్రహం కావాలని, ఇంట్లో డిగ్రీ చదివిన కోడలు ఉండగా బయటివాళ్ళు రాయడం బాగుండదని మాస్టారు అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు రాయమ్మా. పొగడ్తలు ఎవరైనా రాస్తారు," అన్నాడు. సాయంత్రం మళ్ళీ వస్తానని లేచాడు.

లీలారాణి పొయ్యి మీద పప్పు పెట్టి, బల్ల దగ్గర కూర్చుని రాసింది. మొదటిసారి రాసింది చింపేసింది. "కర్తవ్యదీక్ష", "అలుపెరుగని" లాంటి మాటలు వచ్చినచోటల్లా కొట్టేసింది. మద్ది చెక్కని వాసన చూసి పచ్చిదో ఎండినదో చెప్పడం రాసింది. తొట్టి అడుగు పలకలు బిగించాక, లారీ వాడు చూడని కిందివైపు కూడా ఆయన చిత్రిక పట్టడం రాసింది. అందుకు షెడ్డు యజమాని తిడితే, బస్తాలు చూడకపోయినా నేను చూశాను గదా అనడం రాసింది. రక్తం దిగిన పలకల సంగతి రాసింది. "ఆయన తుపాకీ పేల్చలేదు, యుద్ధరంగం చూడలేదు, చూశానని ఎన్నడూ చెప్పుకోలేదు" అని చివర రాసి, చదువుకుని, ఒక్క మాట కూడా మార్చక్కర్లేదనుకుంది. కాలేజీ వదిలాక ఆమె అంత శ్రద్ధగా రాసింది అదొక్కటే. పప్పు అడుగంటింది.

మాస్టారు సాయంత్రం వచ్చి నిలబడే చదివాడు. పలకల దగ్గరికి వచ్చేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అయితే యుద్ధరంగానికి వెళ్ళలేదన్నమాట," అన్నాడు.

"లేదండీ."

ఏదైనా ఆధారం ఉందా అని అడిగాడు. ఆమె ట్రంకుపెట్టె తెరిచి మిలిటరీ వాళ్ళిచ్చిన డిశ్చార్జి పుస్తకం తెచ్చి చూపించింది. ట్రేడు అన్నచోట కార్పెంటర్ అని ఉంది. ఆయన ఆ మాట వెంబడి వేలు నడిపాడు.

"రాయి మీద కూడా అదే చెక్కించండి మాస్టారూ. వడ్రంగి అని. మా ఆయనకి మీరు చెబితే వింటారు. ఆ మాటకి తక్కువేముంది?"

"తక్కువేమీ లేదమ్మా. మన ప్రభువు చేసిన పనే కదా," అన్నాడాయన. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆ పూట ఆమెకి మనసు తేలికపడింది. పోయిన మనిషికి చెయ్యవలసింది ఒకటి చేశాననిపించింది. జేమ్స్ వచ్చాక మాస్టారు వచ్చి వెళ్ళాడని చెప్పింది, ఏం మాట్లాడారో చెప్పలేదు. మాస్టారే చెబుతాడు, అప్పుడు గొడవ ఉండదు అనుకుంది.

గురువారం సాయంత్రం కమిటీ కూర్చుంది. జేమ్స్ తిరిగొచ్చి చెప్పులు విప్పకుండా వసారా మెట్టు మీద కూలబడ్డాడు. ఎలీషా యుద్ధరంగంలో లేడని తేలింది కాబట్టి ఇటుక కట్టుకి వీల్లేదన్నారట. రాయి చెక్కడం అయిపోయిందని, శనివారానికి వస్తుందని ఇతను చెబితే, ఇంటి దగ్గర పెట్టుకోవచ్చు కదా అన్నారట.

"ఎవులో పోయి సెప్పీసినారు," అన్నాడు. "ఎవులంటే మాస్టారు పేరు బయటెట్టడు. షెడ్డోళ్ళే అయ్యుంతారు. నాన్న బతికున్నన్నాళ్ళూ ఆడి పని సూసి కుళ్ళినోళ్ళు."

లీలారాణి గుమ్మం పట్టుకుని నిలబడింది. నేనే అని చెప్పబోయింది. అతను అప్పుడే మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. మీసం నెరిసిన మనిషి, వెక్కిళ్ళు బయటికి రాకుండా భుజాలు బిగబట్టుకుని ఏడుస్తున్నాడు. తండ్రి పెట్టె గోతిలోకి దించినప్పుడు కూడా అతను ఏడవలేదు. ఒక్క రాయికోసం ఇంత ఏడుపేమిటో ఆమెకి అర్థం కాలేదు. రాయి పోతే పోయింది, ఆయన అబద్ధం కింద పడుకోలేదు, అంతే చాలు అని తనకి తాను చెప్పుకుంది. అన్నం వడ్డించింది. అతను చెయ్యి పెట్టలేదు.

శుక్రవారం పొద్దున్న జేమ్స్ షామియానా వాళ్ళ దగ్గరికి వెళ్ళాక, జగన్నాధం మోపెడ్ మీద వచ్చాడు. మాజీ సైనికుల సంఘంలో ఆయనే పెద్ద. హవల్దారుగా రిటైరై, పక్క ఊళ్ళో వరి, గోగు పండించుకుంటున్నాడు. ఎలీషా, ఆయన ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, చొక్కా లోపలినుంచి ఒక కాగితం తీశాడు. కమిటీ వాళ్ళు తిప్పి పంపేశారని, ఇంట్లో ఉంటే మంచిదని తెచ్చానని అన్నాడు.

వడ్రంగి పెన్సిలుతో రాసిన లావుపాటి అక్షరాలు. అంగుళం అంగుళం కొలిచి పెట్టినట్టున్నాయి. ఆ చేతిరాత ఆమెకి తెలుసు.

"నేను 1971 సంవత్సరమున యుద్ధరంగంలో పోరాడినాను. కాబట్టి నాకు ఇటుక కట్టు, రాయి దయచేయించవలెను. రాయి మీద నా పేరు కింద నా భార్య తాతమ్మ పేరు కూడా వేయించవలెను. ఆమెకు వేరే చోటు లేదు."

లీలారాణి రెండోసారి చదివింది.

"మొన్న ఈస్టరు మర్నాడొచ్చినాడమ్మా," అన్నాడు జగన్నాధం. "బావా, నాకు ఒక అబద్ధం కావాల, ఇన్నాళ్ళూ ఒక్కటీ ఆడలేదు గదా, అన్నాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. మా ఇంటికాడ కూకునే రాసినాడు. ఆడు పోయినాక నానే కమిటీకి ఇచ్చినాను."

"మాకెందుకు చెప్పలేదు?"

ఆయన తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "జేమ్సుకి సెప్పినాడు. నీకు సెప్పొద్దన్నాడమ్మా. కోడలు ఒప్పుకోదు, దాని ముందర తలెత్తలేను అన్నాడు."

ఆయన వెళ్ళిపోయాక ఆమె తలుపు గొళ్ళెం కూడా వెయ్యకుండా శ్మశానానికి నడిచింది. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెట్టడానికి ఏటా వెళ్ళేది ఎలీషా, జేమ్స్. ఆమెకి ఇంట్లో వంట ఉండేది. అత్తగారు పోయి తొమ్మిదేళ్ళు దాటింది.

గున్నమ్మ కొడవలితో పిచ్చిమొక్కలు కోస్తోంది. శ్మశానం కాపలా ఆమెదే. తాతమ్మ ఎక్కడ అని లీలారాణి అడిగితే, కొడవలి మొనతోనే ఒక కొత్త దిబ్బ చూపించింది. దాని మీద వేరెవరివో పూలు ఎండి ఉన్నాయి.

"కిందన ఉన్నాది మీ అత్త. పెద్దాయన పండగనాడు ఈ వరసంతా నాలుగు మాట్లు తిరిగినాడు. కొవ్వొత్తి ఎక్కడ ఎట్టాలో తెలీక జేబులో ఏసుకుని పోయినాడు. అడిగితే సెప్పీదాన్నే. ఆడు అడగలేదు, నాకు నోరు రాలేదు."

ఎలీషా దిబ్బ చివరి వరసలో ఉంది. గేటు పక్కన నల్లరాతి సమాధి ఒకటి ఎండకి మెరుస్తోంది. లీలారాణి అటు చూడడం గున్నమ్మ చూసింది.

"కాంట్రాక్టరు తల్లి. కమిటీయే కట్టించినాది. ఆయమ్మేటి యుద్ధం సేసిందమ్మా, కోడళ్ళతోటి తప్ప."

అక్కణ్ణించి లీలారాణి తిన్నగా మాస్టారింటికి వెళ్ళింది. ఆయన వసారాలో పేపరు చదువుతున్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. దారి పొడుగునా కూడబలుక్కున్న మాట ఒక్క ఊపున అనేసింది.

"నేను రాసింది తప్పు మాస్టారూ. మామయ్య బోర్డరుకి వెళ్ళారట. నాకు తెలీక రాశాను."

మాస్టారు పేపరు మడిచాడు. ఆయన చూపులో కోపం లేదు. పరీక్ష తప్పిన మంచి పిల్లని చూసినట్టు చూశాడు.

"ఇప్పుడు అబద్ధం ఆడుతున్నావమ్మా. నీకు అలవాటు లేదు, తెలిసిపోతోంది."

కాంట్రాక్టరు తల్లి ఏ యుద్ధంలో పోరాడిందని ఆమె అడిగింది. ఆవిడ కుటుంబం సంఘానికి చేసిన సేవ వేరని, దానికీ దీనికీ పోలిక పెట్టకూడదని ఆయన నెమ్మదిగా చెప్పాడు. ఆమె పెన్సిలు కాగితం తీసి చూపించబోయింది. చూశానమ్మా, అది వచ్చింది నా చేతికే కదా, అన్నాడు. తాతమ్మ పేరు ఆయన ముందే చదివాడు. చదివాకనే మొన్న బుధవారం వాళ్ళింటికి వచ్చాడు, ఉన్నది ఉన్నట్టు రాయమన్నాడు. అది ఆమెకి అప్పుడు తెలిసింది.

"పోనీ నేను రాసిన కాగితం ఇచ్చెయ్యండి."

"ప్రింటుకి ఇచ్చేశాను. రెండు వందల కాపీలు. అంత మంచి జీవిత సంగ్రహం మన సంఘంలో ఇంతవరకు ఎవరూ రాయలేదు."

ఇంటికి వచ్చేసరికి జేమ్స్ వంటవాడికి బియ్యం కొలిపిస్తున్నాడు. అతనితో ఒంటరిగా మాట్లాడాలని ఆమె రెండుసార్లు దగ్గరికి వెళ్ళింది. మొదటిసారి చుట్టాలొచ్చారు. రెండోసారి అతనే, రేపటికి కుర్చీలు చాలవేమో అన్నాడు. చాలతాయని చెప్పి వచ్చేసింది.

శనివారం చర్చి నిండింది. ఊళ్ళో బాడీలు కట్టించుకున్న పాత లారీ వాళ్ళు కూడా నలుగురైదుగురు వెనక నిలబడ్డారు. లారీలకి ఇనప తొట్లు వచ్చాక వాళ్ళెవరూ షెడ్డు వైపు రాలేదు. వాకిట్లోనే అందరి చేతిలో ఒక ముద్రించిన కాగితం పెట్టారు. జేమ్స్ దాన్ని చదవకుండా పాటల పుస్తకంలో పెట్టుకుని, ముందు బల్ల మీద లీలారాణి పక్కన కూర్చున్నాడు.

పాట అయ్యాక మాస్టారు లేచి చదివాడు. ఆయన కంఠం మంచిది. మద్ది చెక్క వాసన దగ్గర వెనకనుంచి ఎవరో ఔనన్నారు. తొట్టి కిందివైపు చిత్రిక పట్టిన సంగతికి లారీ వాళ్ళు తలలూపారు. రక్తం దిగిన పలకల దగ్గర ఆడవాళ్ళు ముక్కులు చీదారు. "ఆయన తుపాకీ పేల్చలేదు, యుద్ధరంగం చూడలేదు, చూశానని ఎన్నడూ చెప్పుకోలేదు." మాస్టారు అక్కడ ఆగి, కాగితం కిందికి దించాడు.

"ఇది నా మాట కాదు. ఆయన కోడలు లీలారాణి రాసింది. ఊరుకుంటే రాయి వస్తుందని తెలిసి కూడా, ఆధారం తీసి నా చేతిలో పెట్టి, ఉన్న సత్యం ఉన్నట్టు చెప్పిన బిడ్డ. ఇలాంటి సాక్ష్యం మన ఇళ్ళల్లో ఎన్ని ఉన్నాయి? దేవునికి స్తోత్రం."

స్తోత్రం అని చర్చి అంతా అంది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. వెనక వరసనుంచి ఒక ముసలామె ముందుకి వంగి లీలారాణి భుజం నిమిరింది.

జేమ్స్ పాటల పుస్తకంలో తరవాతి పాట నంబరు వెతుకుతున్నట్టు పేజీలు తిప్పాడు. పాట అందరూ ఎత్తుకున్నాక కూడా తిప్పుతూనే ఉన్నాడు.

భోజనాల దగ్గర అతను నడుముకి తువ్వాలు చుట్టి వడ్డించాడు. అందరినీ పేరుపేరునా ఇంకొంచెం వేసుకోమన్నాడు. లీలారాణి విస్తరి దగ్గరికి వచ్చినప్పుడు కూడా ఆగి, కూర వేసి, చాలా అని అడిగి వెళ్ళాడు. ఆ మర్యాద చూసి ఆమె కూరని విస్తరి అంచుకి నెట్టింది. మంచి రాత రాశావని విస్తరి దాటిన ప్రతివాళ్ళూ చెప్పి వెళ్ళారు.

మధ్యాహ్నం దాటాక అందరూ వెళ్ళిపోయారు. షామియానా నీడలో ఖాళీ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దొంతి పెట్టి ఉన్నాయి. జేమ్స్ చివరి కుర్చీలో కూర్చుని, పాటల పుస్తకంలోంచి ఆ కాగితం తీసి, మొదటినుంచి చివరిదాకా వేలు పెట్టి చదివాడు. ఆమె ఎదురుగా నిలబడింది. తిట్టడానికి నోరు తెరుస్తాడని ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది.

అతను కాగితం తిరగేసి వెనకవైపు కూడా చూశాడు. ఖాళీగా ఉంది.

"అంతా బాగా రాసినావు లీలా," అన్నాడు. "ఆడి సెయ్యి, సెక్క, పలకలు, అన్నీ రాసినావు. అమ్మ పేరు రాయలేదేటి?"

కాగితం ఆమెకి ఇచ్చి లోపలికి వెళ్ళాడు.

లీలారాణి నిలబడే చదివింది. నాలుగో వరసలో ఉంది. "ఆయన భార్య తొమ్మిదేళ్ళ క్రితమే ప్రభువునందు నిద్రించినారు."